వోల్టేజి, కరెంటు కొలిచి ఓంలు, వాట్లు రాబట్టే పలక: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

ఒక సర్దుబాటు సప్లై, ఒక షంట్ (కరెంటు కొలవడానికి దారిలో పెట్టే చిన్న విలువ రెసిస్టరు), రెండు మల్టీమీటర్లు చెక్క పలక మీద అమర్చి, దానికి ఏ వస్తువు తగిలించినా దాని నిరోధం ఎంతో, అది తినే పవరు ఎంతో లెక్కకట్టేలా చెయ్యడం ఈ పని. సూత్రాలు అందరికీ తెలిసినవే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెంటినీ గుణిస్తే పవరు. లెక్కలో పొరపాటు పడేవాళ్లు తక్కువ. తేడా అంతా లెక్కలోకి తెచ్చిన ఆ రెండు అంకెల్లోనే ఉంటుంది. మీటరు చూపిన వోల్టేజి సరిగ్గా ఆ వస్తువు రెండు కొసల మధ్యదేనా? మీటరు చూపిన కరెంటు మొత్తం ఆ వస్తువులోంచే పోయిందా? ఈ రెండిటికీ అవునన్న జవాబు వచ్చేదాకా ఓంలూ వాట్లూ రాసుకోవడం దండగ.

సామాను, అమరిక

19 వోల్టుల, 3.42 ఆంపియర్ల ల్యాప్‌టాప్ అడాప్టరు ఒకటి. దాని వెనక 3 ఆంపియర్ల ఫ్యూజు. ఆ తర్వాత వోల్టేజిని తగ్గించి ఇచ్చే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూలు. దాని స్క్రూ తిప్పుతూ 1.25 వోల్టుల నుంచి మనకు కావలసిన 12 వోల్టుల దాకా తెచ్చుకోవచ్చు. చిప్ 3 ఆంపియర్లదని రాసి ఉన్నా, 1.5 ఆంపియర్లు దాటాక చిన్న అల్యూమినియం హీట్‌సింక్ అంటించకపోతే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. 0.1 ఓం, 5 వాట్లు, 1 శాతం షంట్ రెసిస్టరు ఒకటి. 10 ఓంలు, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండు. 10 ఓంలు, 0.1 శాతం, పావు వాటు రెసిస్టరు ఒకటి. 6000 కౌంట్ల (అంటే ఒక్కో రేంజిని 6000 మెట్లుగా చూపే) మల్టీమీటర్లు రెండు, రెంటిలోనూ 60.00 మిల్లీవోల్టుల రేంజి ఉండాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, స్క్రూ టెర్మినళ్లు.

వరస ఇలా: బక్ ప్లస్ నుంచి వస్తువు, వస్తువు నుంచి షంట్, షంట్ నుంచి బక్ మైనస్. ఒక మీటరు వస్తువు మీద, రెండోది షంట్ మీద. రెండు మీటర్లూ వోల్టేజి కొలిచేవే. మీటరులోని ఆంపియర్ల సాకెట్టు వాడలేదు. మిల్లీఆంపియర్ల రేంజిలో లోపలి షంట్, ఫ్యూజు కలిసి ఒక ఓం నుంచి కొన్ని ఓంల దాకా అడ్డం వస్తాయి. రేంజి మార్చినప్పుడల్లా ఆ అడ్డంకీ మారి సర్క్యూట్లో కరెంటే మారిపోతుంది. మన సొంత షంట్ అయితే ఎప్పుడూ ఒకే 0.1 ఓం. 100 మిల్లీవోల్టులు చూపిస్తే ఒక ఆంపియరు. ప్రోబు ఆంపియర్ల సాకెట్లో మరిచిపోయి దాన్ని సప్లై మీద ఆనిస్తే జరిగే షార్టు బెడద కూడా ఉండదు.

గోడ ప్లగ్గు కరెంటును నేరుగా ఈ పలక మీదికి తేకూడదు. టెర్మినళ్లన్నీ బయటికి కనిపిస్తూ ఉంటాయి. ఇది అడాప్టరు ఇచ్చే తక్కువ వోల్టేజికే.

షంట్ దగ్గర అర సెంటీమీటరు కూడా లెక్కే

0.1 ఓం రెసిస్టరు కాళ్లు 0.8 మిల్లీమీటర్ల రాగివైతే, సెంటీమీటరు కాలుకి దాదాపు 0.34 మిల్లీఓంలు వస్తుంది. మీటరు వైర్లను శరీరానికి సెంటీమీటరు దూరంలో రెండు పక్కలా టంకం వేస్తే 0.7 మిల్లీఓంలు అదనం, అంటే 0.7 శాతం. 1 శాతం రెసిస్టరు కొన్న లాభంలో చాలా భాగం అక్కడే పోయింది. కాళ్లకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత. ఉక్కు నిరోధం రాగి కంటే చాలా రెట్లు ఎక్కువ కాబట్టి తప్పు కొన్ని శాతాల దాకా పెరుగుతుంది.

అందుకని పవరు వైర్లను కాళ్ల చివర్ల దగ్గర, మీటరు వైర్లను శరీరం మొదట్లో, విడివిడిగా టంకం వేశాం. పవరు వైరు టంకం మీదే మీటరు వైరు అతికిస్తే ఆ టంకం, ఆ కాలు అన్నీ షంట్‌లో భాగమైపోతాయి.

తర్వాత షంట్ అసలు విలువ తేల్చాలి. 10 ఓంల 0.1 శాతం రెసిస్టరును షంట్‌తో సిరీస్‌లో పెట్టి 100 మిల్లీఆంపియర్లు పంపాం. రెంటిలోంచి పోయేది ఒకే కరెంటు కాబట్టి, రెంటి మీది వోల్టేజిల నిష్పత్తే నిరోధాల నిష్పత్తి. కరెంటు ఖచ్చితంగా ఎంతో తెలియాల్సిన పనే లేదు. 10 ఓంల మీద 1.000 వోల్టు, షంట్ మీద 10.07 మిల్లీవోల్టులు. షంట్ 0.1007 ఓం. ఇక మీద కరెంట్లన్నీ ఈ అంకెతోనే భాగించాం. 100 మిల్లీఆంపియర్లు మించనివ్వకూడదు. 10 ఓంలలో 0.1 ఆంపియరుకి 0.1 వాటు, 150 మిల్లీఆంపియర్లయితే 0.225 వాటు. పావు వాటు రెసిస్టరు అప్పటికే వేడెక్కి, తన 0.1 శాతం మాట నిలబెట్టుకోలేదు.

మొదటి వస్తువు: 10 ఓంల సిమెంటు రెసిస్టరు

ఫలితం ముందే తెలిసిన వస్తువుతో మొదలుపెట్టడం మంచిది. పలకలో లోపముంటే ఇక్కడే బయటపడుతుంది.

2.000 వోల్టులు, షంట్ 20.04 మిల్లీవోల్టులు: 0.199 ఆంపియరు, 10.05 ఓంలు, 0.40 వాటు.
5.000 వోల్టులు, షంట్ 49.95 మిల్లీవోల్టులు: 0.496 ఆంపియరు, 10.08 ఓంలు, 2.48 వాట్లు.
9.00 వోల్టులు, షంట్ 89.2 మిల్లీవోల్టులు: 0.886 ఆంపియరు, 10.16 ఓంలు, 7.97 వాట్లు.

నిరోధం మెల్లగా పైకి పాకడం మీటరు తప్పు కాదు. 8 వాట్లకు రెసిస్టరు బాగా కాగుతుంది, లోపలి తీగ నిరోధం వేడితో మారుతుంది. 9 వోల్టులు పెట్టిన క్షణంలో తీసిన రీడింగు వేరు, ఐదు నిమిషాలు ఆగి తీసింది వేరు. పట్టికలో ఏది రాస్తున్నామో పక్కన రాసుకోవాలి. ఇక్కడ రాసినవన్నీ రీడింగు నిలకడపడ్డాక తీసినవి. చల్లటి విలువ కావాలంటే తక్కువ వోల్టేజితో కొలవడం తప్ప దారి లేదు.

సప్లై వోల్టేజి కదలకుండా ఉండటం కూడా ఈ పనికి ప్రాణం. జార్జ్ సైమన్ ఓం మొదట వోల్టా సెల్లులతో ప్రయోగాలు చేస్తే వాటి వోల్టేజి నిమిషనిమిషానికీ జారిపోయేది. పోగెన్‌డార్ఫ్ సలహాతో, వేడి తేడా నుంచి వోల్టేజి పుట్టించే బిస్మత్, రాగి థర్మోకపుల్‌కి మారి, ఒక అతుకును మరిగే నీటిలో, ఇంకోదాన్ని మంచులో ఉంచాకే ఆయనకు నికరమైన అంకెలు దొరికాయి. ఆ ఫలితాలు 1826లో, పూర్తి సిద్ధాంతం 1827లో అచ్చయ్యాయి. నిలకడైన సప్లై ఈరోజు అరచేతిలో పట్టే మాడ్యూలులో వస్తోంది గానీ, దాని అవసరం మాత్రం అప్పటిదే.

కొనకముందే వేసుకోవాల్సిన లెక్క

ఒక రెసిస్టరు ఎంత వోల్టేజి తట్టుకుంటుందో తెలియాలంటే దాని వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తియ్యాలి. 100 ఓంల పావు వాటు రెసిస్టరుకి అది 5 వోల్టులు. 10 కిలోఓంలకు 50 వోల్టులు. 1 మెగాఓంకు లెక్క ప్రకారం 500 వోల్టులు వస్తుంది, కానీ పావు వాటు రెసిస్టర్ల గరిష్ఠ పని వోల్టేజి సాధారణంగా 250 వోల్టులే. అంటే పెద్ద విలువల దగ్గర వాట్ల కంటే ముందు వోల్టేజి హద్దు అడ్డొస్తుంది. రాసి ఉన్న వాట్లలో సగానికి మించి వాడకపోవడం మా పద్ధతి. పెట్టెలో మూసి పెడితే సగం కూడా ఎక్కువే.

12 వోల్టులు, 21 వాట్ల వాహన బల్బు

ఈ పలక అసలు విలువ తెలిసేది దీనితోనే. అడ్డదారిలో 12 వోల్టుల సప్లైకి నేరుగా తగిలిస్తే చాలాసార్లు బల్బు మిణుకు మిణుకుమని ఊరుకుంటుంది. చల్లటి ఫిలమెంటు దాదాపు షార్టుతో సమానం కాబట్టి 5 ఆంపియర్ల సప్లై ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. బక్ మాడ్యూలును కిందికి తిప్పి ఉంచి, మెల్లగా పెంచుకుంటూ పోతే ఆ చిక్కు రాదు.

చల్లటి విలువ కోసం బల్బుతో సిరీస్‌లో సిమెంటు రెసిస్టరు పెట్టి 1.25 వోల్టులు ఇచ్చాం. బల్బు కాళ్ల మీద 64.0 మిల్లీవోల్టులు, 0.117 ఆంపియరు. అంటే 0.55 ఓం. ఫిలమెంటులో పడే వేడి 7.5 మిల్లీవాట్లే, అది గది వేడి మీదే ఉందనుకోవచ్చు. తర్వాత సిమెంటు రెసిస్టరు తీసేసి:

2.00 వోల్టులు: 0.65 ఆంపియరు, 3.08 ఓంలు, 1.30 వాట్లు.
6.00 వోల్టులు: 1.20 ఆంపియర్లు, 5.00 ఓంలు, 7.2 వాట్లు.
12.00 వోల్టులు: 1.74 ఆంపియర్లు, 6.90 ఓంలు, 20.9 వాట్లు.

6 నుంచి 12కి వోల్టేజి రెట్టింపయినా కరెంటు 1.45 రెట్లే పెరిగింది. పవరు నాలుగు రెట్లు కాలేదు, 2.9 రెట్లే అయింది. మల్టీమీటరు ఓంల రేంజిలో బల్బును కొలిచి, ఆ 0.55ను పట్టుకుని 12 వర్గాన్ని దానితో భాగిస్తే 262 వాట్లు వస్తుంది! సూత్రం తప్పు కాదు. 0.55 ఓం చల్లటి ఫిలమెంటుది, 12 వోల్టులు వెలుగుతున్న ఫిలమెంటువి. ఒక స్థితిలోని నిరోధాన్ని ఇంకో స్థితిలోని వోల్టేజితో జత చేశాం, అంతే. అయితే ఆ 0.55 వృథా కాదు. స్విచ్ వేసిన క్షణంలో 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల పైమాట ఎందుకు దూకుతుందో, బల్బులు వేసేటప్పుడే ఎక్కువగా ఎందుకు మాడిపోతాయో అదే చెబుతుంది.

6.90ని 0.55తో భాగిస్తే 12.5. ఫిలమెంటు టంగ్‌స్టన్ లోహంది. టంగ్‌స్టన్ పట్టికల్లో ఈ నిష్పత్తి సుమారు 2500 కెల్విన్ దగ్గర వస్తుంది. థర్మామీటరు దూరలేని గాజు బుడ్డి లోపలి వేడిని రెండు వోల్టుమీటర్లతో చదవడం ఈ ప్రాజెక్టులో మాకు బాగా నచ్చిన భాగం. డిగ్రీకి నిరోధం 0.0045 వంతు చొప్పున పెరుగుతుందని సరళరేఖ లెక్క వేస్తే ఇంకో మూడు వందల యాభై డిగ్రీలు ఎక్కువ వస్తుంది. ఆ గుణకం గది వేడి దగ్గరదే, ఇంత దూరం లాగకూడదు.

ప్రోబులు ఎక్కడ ఆనించాలన్నది ఈ బల్బు దగ్గర కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వైర్లు, హోల్డరు స్ప్రింగు కలిపి 0.17 ఓం ఉన్నాయనుకోండి. వోల్టేజిని బల్బు మీద కాకుండా సప్లై చివర కొలిస్తే, వెలుగుతున్న బల్బు నిరోధంలో రెండున్నర శాతం తప్పు వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. చల్లటి బల్బులో అదే 0.17 ఓం ఏకంగా 31 శాతం తప్పు. హోల్డరులో తుప్పు ఉంటే ఇంకా ఘోరం. అందుకని మీటరు వైర్లను బల్బు ఇత్తడి టోపీకీ, అడుగున ఉన్న సీసపు చుక్కకీ నేరుగా టంకం వేశాం. చవక రకం క్రొకడైల్ క్లిప్పుల తీగలను పవరు దారిలో వాడొద్దు. లోపల నాలుగు పోగుల రాగే ఉంటుంది, క్లిప్పులో దాన్ని నొక్కి వదిలేస్తారు. క్లిప్పును కదిపితే అంకె మారుతుంటే కారణం అదే.

ఒక మీటరు రాగి వైరు

1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీటరు పొడవుకి దాదాపు 12 మిల్లీఓంలు. మల్టీమీటరు ఓంల రేంజిలో పెడితే 0.2, 0.3 అని చూపిస్తుంది. అది ప్రోబుల సొంత నిరోధం, వైరుది కాదు.

రెండు సిమెంటు రెసిస్టర్లను పారలల్‌గా కట్టి 5 ఓంలు చేసి, వైరుతో సిరీస్‌లో పెట్టి, సరిగ్గా ఒక ఆంపియరు వచ్చేదాకా బక్ తిప్పాం. రెసిస్టరు ఒక్కోదానికి 2.5 వాట్లు, హాయిగా మోస్తాయి. వైరు ఇంకాస్త పొడుగ్గా తీసుకుని, పవరు క్లిప్పులు రెండు కొసలకీ పెట్టి, వాటికి లోపల సరిగ్గా మీటరు ఎడంలో సూది మొన ప్రోబులు గుచ్చితే 11.9 మిల్లీవోల్టులు. ఒక ఆంపియరు కాబట్టి అదే 11.9 మిల్లీఓంలు. ప్రోబుల నిరోధం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. వోల్టుమీటరు 10 మెగాఓంలది కాబట్టి ప్రోబులోంచి పోయే కరెంటు దాదాపు సున్న, అందుకే అక్కడ వోల్టేజి పడదు. కరెంటుకి రెండు తీగలు, కొలతకి వేరే రెండు తీగలు. నాలుగు తీగల పద్ధతి అనేది దీన్నే.

సప్లై ఆపి ఒకసారి సున్న చూసుకోవాలి. 0.03, 0.05 మిల్లీవోల్టులు మిగిలి ఉంటే తీసేయాలి. 12 మీద 0.05 అంటే అర శాతం.

ఒక మెగాఓం: వోల్టుమీటరే దొంగ

పెద్ద విలువల దగ్గర కథ తిరగబడుతుంది. 10 వోల్టులకు 10 మైక్రోఆంపియర్లే, 0.1 ఓం షంట్ మీద ఒక మైక్రోవోల్టు, మీటరుకి కనపడదు. షంట్ బదులు 1 కిలోఓం పెట్టాం, 10 మిల్లీవోల్టులు వచ్చింది. ఇప్పుడు వోల్టుమీటరును మెగాఓం రెసిస్టరు కాళ్ల మీద పెడితే లెక్క 0.909 మెగాఓం అంటుంది. వోల్టుమీటరు తన 10 మెగాఓంల గుండా కరెంటులో పదకొండో వంతు తాగేస్తోంది, అదంతా షంట్ ఖాతాలో పడుతోంది. వోల్టుమీటరును షంట్‌తో సహా మొత్తం మీద పెట్టి కొలిస్తే 10.00 వోల్టులు, 9.99 మిల్లీవోల్టులు, 1.001 మెగాఓంలు. అందులో షంట్ కిలోఓం తీసేస్తే అసలు విలువ.

ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక హద్దు ఉంది. షంట్ నిరోధాన్ని వోల్టుమీటరు నిరోధంతో గుణించి వర్గమూలం తియ్యండి. 0.1 ఓం, 10 మెగాఓంలకు అది 1000 ఓంలు. కొలిచే వస్తువు అంతకంటే చిన్నదైతే వోల్టుమీటరు వస్తువు కాళ్ల మీదే. పెద్దదైతే షంట్‌ను కలుపుకుని బయట. ఇంకోటి, మెగాఓంల దగ్గర రెసిస్టరు రెండు కాళ్లనూ వేళ్లతో పట్టుకోకూడదు. చర్మం కూడా ఒక రెసిస్టరే, పారలల్‌గా చేరిపోతుంది.

రేంజి విషయం

వోల్టేజిలో 1 శాతం, కరెంటులో 1 శాతం తప్పుంటే నిరోధంలోనూ పవరులోనూ 2 శాతం దాకా రావచ్చు. వోల్టేజి వర్గాన్ని ఓంలతో భాగించి పవరు తీస్తే వోల్టేజి తప్పు రెండుసార్లు లెక్కలోకొస్తుంది. ఇంతకంటే ప్రమాదం చివరి అంకెలో ఉంటుంది. అర శాతం, దానిపై 3 కౌంట్లు అని ఉన్న మీటరును 60.00 వోల్టుల రేంజిలో పెట్టి 0.06 చదివితే ఆ 3 కౌంట్లే సగం విలువ. అదే 64 మిల్లీవోల్టులను 600.0 మిల్లీవోల్టుల రేంజిలో చదివితే తప్పు ఒక శాతం లోపే. చల్లటి బల్బు రీడింగు అలా తీసిందే.

మోటారు, ముక్కలు చేసిన డీసీ

12 వోల్టుల చిన్న డీసీ మోటారు. షాఫ్టు కదలకుండా పట్టుకుని, సిరీస్‌లో 10 ఓంలతో 0.2 ఆంపియరు పంపితే 0.8 వోల్టు. చుట్ట నిరోధం 4 ఓంలు. బ్రష్షులు కమ్యుటేటరు (చుట్టకు కరెంటు అందించే, షాఫ్టుతో తిరిగే రాగి ముక్కల వలయం) మీద ఎక్కడ ఆగాయన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది, షాఫ్టును కొంచెం కొంచెం తిప్పి సగటు తియ్యాలి. వదిలేసి 12 వోల్టులకు ఖాళీగా తిప్పితే 0.20 ఆంపియరు. భాగిస్తే 60 ఓంలు!

ఆ 60 ఏ తీగ నిరోధమూ కాదు. తిరుగుతున్న మోటారు తానే ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. 0.2 ఆంపియరు, 4 ఓంలు కలిసి తినేది 0.8 వోల్టే. మిగతా 11.2 వోల్టులు ఆ ఎదురు వోల్టేజి. మోటారు లోపలికి తీసుకునేది 2.4 వాట్లు, ఇందులో అనుమానం లేదు, వోల్టేజి ఇంటూ కరెంటు. కానీ చుట్టను వేడి చేసేది కరెంటు వర్గం ఇంటూ చుట్ట నిరోధం, 0.16 వాటు మాత్రమే. జూల్ 1841లో ప్రకటించిన సూత్రం ఈ వేడి గురించే. షాఫ్టు బిగుసుకుపోతే ఎదురు వోల్టేజి సున్న, 3 ఆంపియర్లు, 36 వాట్లూ చుట్టలోనే వేడిగా మారతాయి. ఇరుక్కున్న మోటారు నిమిషాల్లో కాలిన వాసన రావడానికి కారణం ఇది. ఈ పరీక్షను పలక మీద పూర్తి వోల్టేజితో చెయ్యొద్దు.

తర్వాత పీడబ్ల్యుఎం. 12 వోల్టులను సగం కాలం ఆన్, సగం కాలం ఆఫ్ చేస్తూ 10 ఓంల రెసిస్టరుకి ఇస్తే డీసీ రేంజిలో మీటర్లు సగటు చూపిస్తాయి: 6.0 వోల్టులు, 0.60 ఆంపియరు. నిరోధం 10 ఓంలు, సరిగ్గానే వచ్చింది. పవరు 3.6 వాట్లు వచ్చింది, అది సరిగ్గా సగం తప్పు. ఆన్‌లో ఉన్నప్పుడు 14.4 వాట్లు, సగం కాలం కాబట్టి సగటు 7.2 వాట్లు. పవరు ప్రతి క్షణంలోనూ గుణించి తర్వాత సగటు తీయాల్సింది. ముందే విడివిడిగా సగటు తీసి గుణిస్తే తక్కువ వస్తుంది. నిరోధం సరిపోయింది కదా అని పవరును నమ్మడానికి లేదు. 5 వాట్ల రెసిస్టరు చాలనుకుని పెడితే మాడిపోతుంది.

చేతి రాత బదులు ఐఎన్‌ఏ219

రీడింగులు వాటంతటవే నమోదు కావడానికి, కరెంటు, వోల్టేజి కొలిచి మైక్రోకంట్రోలరుకి పంపే ఈ మాడ్యూలు కలిపాం. మీద 0.1 ఓం షంట్ ఉంటుంది, 3.2 ఆంపియర్ల దాకా, 0.1 మిల్లీఆంపియరు మెట్లలో చూపిస్తుంది. వోల్టేజి 26 దాటకూడదు, మెట్టు 4 మిల్లీవోల్టులు. కాబట్టి 64 మిల్లీవోల్టుల చల్లటి బల్బుకి ఇది పనికిరాదు, అక్కడ మల్టీమీటరే. 128 నమూనాల సగటు పెడితే ఒక్కో రీడింగుకి 68 మిల్లీసెకన్లు. మెల్లగా వేడెక్కే రెసిస్టరుకి ఇది చక్కగా సరిపోతుంది.

ఇది షంట్ తర్వాత ఉన్న ప్లస్ కొసకీ, తన గ్రౌండుకీ మధ్య వోల్టేజి చూస్తుంది. వస్తువు మైనస్ నుంచి మాడ్యూలు గ్రౌండు దాకా ఉన్న వైరులో పడే వోల్టేజి కూడా అందులో కలిసిపోతుంది. మాడ్యూలు గ్రౌండు తీగను సప్లై మైనస్‌కి కాకుండా, వస్తువు మైనస్ కాలు మొదట్లో విడిగా టంకం వేస్తే ఆ తేడా పోతుంది. మైక్రోకంట్రోలరును యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకి కలిపే ముందు, ఇంకే దారిలోనైనా సప్లై మైనస్ కంప్యూటరు గ్రౌండుకి చేరుతోందేమో మీటరుతో చూసుకోవాలి. చేరుతుంటే బల్బు కరెంటులో కొంత ఈ సన్నటి గ్రౌండు తీగ గుండా, యూఎస్‌బీ కేబులు గుండా పోతుంది.